కుర్చీలు లేని లైబ్రరీ

రోన్‌బరో మునిసిపల్ లైబ్రరీలో ఉన్న కుర్చీలన్నిటినీ లారీకెత్తి తీసుకుపోయారన్న సంగతి ఒజెల్లా పెటిఫర్డ్‌కు లోపల అడుగు పెట్టేదాకా తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు చర్చికి వేసుకునే బిగుతు బూట్లు తొడుక్కుని వచ్చేది కాదు.

అమెరికా దక్షిణాదిలో 1960 సెప్టెంబరు నెల అది. ఏప్రిల్‌లో నల్లవాళ్ళ హైస్కూలు పిల్లలు పదహారు మంది తెల్లవాళ్ళ లైబ్రరీలోకి నడిచి వెళ్ళి, బల్లల దగ్గర కూర్చుని పుస్తకాలు తెరిచారు. మర్నాడే టౌన్ కౌన్సిల్ లైబ్రరీకి తాళం వేసింది. పై కోర్టు తాళం తియ్యమంది. తీస్తే ఊళ్ళో అందరికీ తియ్యాలని కూడా చెప్పింది. కౌన్సిల్ పెద్దలు వేసవంతా చెమటలు కక్కుతూ ఆలోచించి చివరికి దారి కనిపెట్టారు. నల్లవాళ్ళు రావద్దని కోర్టు అననివ్వదు గాని, ఎవరూ ఎవరి పక్కనా కూర్చోకుండా చేస్తే వద్దనదు కదా!

ఈ ఆలోచన ఎంత గొప్పదో ఒజెల్లాకు అర్థం కావడానికి అరగంట పట్టింది. ఎందుకంటే ముందు సభ్యత్వం ఫారం నింపాలి. అది నాలుగు పేజీలుంది. తల్లిదండ్రులెవరు, ఏ చర్చి, పుస్తకాలు ఎందుకు కావాలి, ఆమె మంచిదని చెప్పగల ఇద్దరు పెద్దమనుషులెవరు. ఒజెల్లా ఒక్క గడి కూడా వదలకుండా నింపింది. "ఎందుకు కావాలి" అన్నచోట "చదవడానికి" అని రాసింది.

లైబ్రేరియన్ మిస్ కార్బెట్ బక్కగా పొడుగ్గా ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ బల్ల వెనకే ఉంది. ఫారం చూసి కార్డు మీద టైపు చేసి ఇచ్చింది.

"ఇదిగో ఒజెల్లా."

ఒజెల్లా కార్డు తీసుకుని కళ్ళద్దాలు సవరించుకుంది. "దీనిమీద ఒజెల్లా అని ఉందేంటమ్మా?"

"నీ పేరు అదేగా."

"అది మా అమ్మ పిలవడానికి పెట్టుకున్న పేరు. మీ కార్డు మీద ఉండాల్సింది మిసెస్ పెటిఫర్డ్. ఇందాక మీరు నా ముందున్న తెల్లావిడకిచ్చిన కార్డు మీద మిసెస్ అని ఉంది, నే చూశాను."

మిస్ కార్బెట్ అటూ ఇటూ చూసింది. కార్డును మళ్ళీ మిషనులో దూర్చి, ముందు ఉన్న కాస్త జాగాలో "మిసెస్" ఇరికించింది. పెటిఫర్డ్ పట్టక కింది వరసలోకి జారిపోయింది. ఒజెల్లా దాన్ని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

అప్పుడు లోపలి హాల్లోకి వెళ్ళింది. అది పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన ఇల్లులా ఉంది. బల్లల్లేవు, కుర్చీల్లేవు. నేలమీద వాటి కాళ్ళు ఆనిన గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి. నలుగురైదుగురు తెల్లవాళ్ళు గోడలకు ఆనుకుని, బస్సు కోసం ఎదురు చూసేవాళ్ళలా నిలబడి చదువుతున్నారు.

"కుర్చీలేవమ్మా?"

"కౌన్సిల్ తీర్మానం," అంది మిస్ కార్బెట్ గొంతు తగ్గించి. "ఇకనుంచి నిలబడే చదువుకోవాలి."

"ఎవరు? మేమా?"

"అందరూ."

ఒజెల్లాకు నవ్వొచ్చింది. నవ్వు గట్టిగానే వచ్చింది. "మా పక్కన కూచోవాల్సి వస్తుందని మీరు కూచోడమే మానేశారా!"

"ష్! ఇది లైబ్రరీ. పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి హాయిగా కూచుని చదువుకో."

"ఇంట్లో కూచోడానికైతే కోర్టుకెందుకమ్మా వెళ్ళడం?"

మిస్ కార్బెట్ కార్డుల దొంతర సర్దడం మొదలుపెట్టింది. ఆవిడ కూర్చునే స్టూలు కూడా ఆ లారీలోనే వెళ్ళిపోయింది. తీర్మానంలో "ఒక్కటి కూడా మినహాయించకుండా" అని రాశారట. బల్ల కింద బూట్లు విప్పేసి, వట్టి మేజోళ్ళతో కాలు మార్చి కాలు మీద నిలబడుతున్న ఆవిడను చూస్తే ఒజెల్లాకు జాలేసింది. మరీ ఎక్కువ కాదు, కొంచెం.

ఒజెల్లాకు అరవై రెండేళ్ళు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. వారానికి నాలుగు రోజులు కౌన్సిల్ సభ్యుడు ఆల్‌డ్రిడ్జ్ గారింట్లో వంట చేస్తుంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు పొగాకు కార్ఖానాలో ఆకుల ఈనెలు తీసింది. పొద్దున్నే నిలబడితే పొద్దు వాలేదాకా నిలబడే పని. ఆ మోకాళ్ళు అక్కడే పాడయ్యాయి. 1938లో కిటికీలు తెరవాలని, కూర్చోడానికి బెంచీలు వెయ్యాలని నలభై మంది ఆడవాళ్ళతో కలిసి ఆమె కార్ఖానా నేలమీద చతికిలబడింది. కిటికీలు తెరిచారు. బెంచీలు వెయ్యలేదు. ముందు కూర్చున్నది నువ్వే కాబట్టి నీకే అంటూ హాలోవెల్ అనే జడ్జి ఆమెకు పది రోజుల జైలు వేశాడు.

ఆ జడ్జి ఇప్పుడు ఇదే హాల్లో ఉన్నాడు. రిటైరై పదేళ్ళయిన ముసలాయన. రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర తోలు కుర్చీలో కూర్చుని, పత్రిక మొహం మీద కప్పుకుని కునుకు తియ్యడం ఆయన అలవాటు. పత్రికైతే ఉంది గాని కుర్చీ లేదు. కార్డులుంచే బీరువాకు వీపు ఆనించి, నిలబడే కునుకు తీస్తున్నాడు. ఒజెల్లా చూస్తుండగానే వెనక సొరుగు ఒకటి కిర్రుమని జరిగింది. ఆయన తూలి, చేతులు గాలిలో ఆడించి, బీరువాను కావలించుకున్నాడు. తర్వాత ఏమీ జరగనట్టు పత్రిక దులుపుకున్నాడు.

ఒజెల్లా అరలోంచి ఒక లావుపాటి నవల తీసింది. ఓడలో ఒక సేఠ్‌ను ఎవరో విషం పెట్టి చంపిన కథ. పదకొండు పేజీలు నిలబడి చదివింది. పన్నెండో పేజీలో మోకాళ్ళు ఒప్పుకోలేదు.

*

మర్నాడు ఒజెల్లా అంత్యక్రియల దుకాణం నడిపే థాడియస్ బాయ్‌కిన్ దగ్గరికి వెళ్ళి మడత కుర్చీ ఒకటి అరువడిగింది.

"ఎవరు పోయారు సిస్టర్?" అన్నాడాయన టోపీ తీస్తూ.

"ఎవరూ పోలా. చదువుకోవాలి."

విషయం విని బాయ్‌కిన్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "కుర్చీ ఇస్తా. పోలీసులు తీసుకుపోతే మాత్రం నువ్వే విడిపించుకు రావాలి. జైల్లో ఉన్న కుర్చీని నేను మళ్ళీ ఎవరి దినానికి వేసేది?"

ఒజెల్లా ఆ కుర్చీని చంకలో పెట్టుకుని మూడు వీధులు నడిచి లైబ్రరీకి వెళ్ళి, కిటికీ దగ్గర వేసుకుని కూర్చుంది. కుర్చీ వీపున "బాయ్‌కిన్ అంత్యక్రియలు, మీ దుఃఖంలో మేమున్నాం" అని తెల్ల అక్షరాలున్నాయి. లోపలికొచ్చిన తెల్ల ముసలమ్మ ఒకామె దాన్ని చదివి, శిలువ గుర్తు వేసుకుని, ఎవరు పోయారని మిస్ కార్బెట్‌ను అడిగింది.

ఒజెల్లా ఆ రోజు యాభై పేజీలు చదివింది. మూడో రోజుకు తలుపు మీద కొత్త కాగితం అంటించారు. బయటినుంచి ఫర్నిచర్ తేరాదు.

"అయితే ఇంక వదిలెయ్యి," అంది ఇడెల్. ఇడెల్ పక్కింటామె, చర్చి గాయక బృందంలో ఒజెల్లా పక్కన నిలబడేది. ప్రతిదానికీ ముందు భయపడి తర్వాత ముందుకు దూకే మనిషి.

"ఎట్లా వదిలేస్తానే? ఆ సేఠ్‌కి విషమెవరు పెట్టారో తెలియొద్దూ?"

"ఇంటికి తెచ్చుకు చదువు."

"నువ్వు కూడా ఆ కార్బెట్ లాగే మాట్లాడుతున్నావేంటే!" అంటూ ఒజెల్లా ఇడెల్ వంటింట్లో మూలకు చూసింది. అక్కడ పంది కొవ్వు వచ్చే పెద్ద రేకు డబ్బా ఒకటి బోర్లించి ఉంది. బీన్స్ ఒలిచేటప్పుడు ఇడెల్ దానిమీదే కూర్చుంటుంది. "అది ఫర్నిచరా?"

"డబ్బా."

"నేనూ అదే అంటున్నా."

*

డబ్బా మీద కూర్చుని డెబ్భయ్యో పేజీ తిప్పుతుండగా సార్జెంట్ ప్రూయిట్ వచ్చాడు. భారీ మనిషి. నడిస్తే నడుముకున్న తాళాలన్నీ గలగలమంటాయి. మిస్ కార్బెట్ ఆయన్ను కూడా "ష్" అంది.

"ఇదేంటి?" అన్నాడు, తాళాలను చేత్తో పట్టుకుని.

"డబ్బా సార్."

"అది నాకూ కనిపిస్తోంది. దేనికి?"

"కొవ్వుకి. ఇప్పుడు ఖాళీ."

"దానిమీద కూచున్నావుగా. కూచుంటే అది ఫర్నిచరే."

"మీరు రోజూ చౌరస్తాలో కారు ముందు భాగం మీద కూచుంటారు. మరి మీరు తోలేది కారా, సోఫానా?"

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రూయిట్ చెవులు ఎర్రబడ్డాయి. "మిస్ కార్బెట్, నిఘంటువు ఉందా?"

ఊళ్ళోకెల్లా పెద్ద నిఘంటువు ఎత్తయిన స్టాండు మీద ఉంది. ప్రూయిట్ వేలు నాలికతో తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఫర్నిచర్ దొరికేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఈలోగా చదివేవాళ్ళంతా చదవడం మానేసి ఆయన చుట్టూ చేరారు.

"మనుషులు కూర్చోడానికి, పడుకోడానికి, సామాను పెట్టుకోడానికి ఇంట్లో వాడే, కదిలించగల వస్తువులు," అని గట్టిగా చదివి విజయగర్వంతో తలెత్తాడు. "విన్నావా? కూర్చోడానికి!"

"విన్నాను సార్. మీ మనవరాలు మీ ఒళ్ళో కూచుంటుంది కదా?"

"కూచుంటుంది. అయితే?"

"మీరు కదులుతారు కూడాను. ఆ లెక్కన మీరూ ఫర్నిచరే. మిమ్మల్ని ఎవరు తెచ్చారిక్కడికి?"

ఈసారి మిస్ కార్బెట్ ఎవర్నీ "ష్" అనలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరల వెనక్కి వెళ్ళిపోయింది. జడ్జి హాలోవెల్ పత్రికలోంచి తల బయటికి పెట్టి, "నిర్వచనంలో 'ఇంట్లో' అని ఉంది సార్జెంట్. లైబ్రరీ ఇల్లు కాదు. కోర్టులో నిలవదు," అన్నాడు. ఆయనకు న్యాయం మీద ప్రేమకంటే ప్రూయిట్ మీద పాత కోపం ఎక్కువ. ప్రూయిట్ టౌన్ వకీలును అడిగి వస్తానని వెళ్ళిపోయాడు. తాళాల చప్పుడు మెట్ల చివరిదాకా వినిపించింది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం ఒజెల్లా ఆల్‌డ్రిడ్జ్ గారింట్లో వంట చేస్తుండగా, మిసెస్ ఆల్‌డ్రిడ్జ్ ఆమెను వెనక గుమ్మం దగ్గరికి పిలిచింది.

"నీకు తిక్క ఎక్కింది ఒజెల్లా. ఆ డబ్బా పిచ్చి మానేదాకా ఇక్కడికి రాకు. మా ఆయనకి తలవంపులుగా ఉంది."

"అలాగేనమ్మా. పొయ్యిలో రొట్టె ఉంచాను, పావుగంటలో తియ్యండి."

ఇంటికి నడుస్తూ మాత్రం ఒజెల్లా లెక్కేసుకుంది. పదకొండేళ్ళ వంట అది. ఆ ఇంటి పిల్లలకు జ్వరాలొస్తే పక్కన కూర్చున్నదీ ఆమే. ఇంట్లో గుమ్మానికి గడియ పెట్టి, వంటింట్లో కాసేపు ఒంటరిగా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఇడెల్ ఇంటికి వెళ్ళి సంగతి చెప్పింది.

ఇడెల్ ముందు బెదిరింది. "అయ్యో దేవుడా, నిన్ను తీసేశారంటే రేపు నన్నూ తీసేస్తారు! అందర్నీ తీసేస్తారు!" తర్వాత గిన్నెలో బీన్స్ గబగబా ఒలిచింది. ఉన్నట్టుండి లేచి నిలబడింది. "తీస్తే తీశారు. అందర్నీ తీసేస్తే ఈ ఊళ్ళో శనివారం ఎవరింట్లో కోడి వేగుతుందో నేనూ చూస్తా. మన గాయక బృందంలో ఎన్ని డబ్బాలుంటాయంటావ్?"

*

శనివారం పదకొండు మంది వచ్చారు. చర్చి టోపీలు, చేతి గ్లవ్వులు, చేతికొక డబ్బా. ఇడెల్ రెండు తెచ్చింది, ఎవరిదైనా సొట్టపోతే పనికొస్తుందని. నిశ్శబ్దంగా వరసగా కూర్చుని పుస్తకాలు తెరిచారు. ఒక్కో డబ్బా నేలకు తగిలినప్పుడల్లా ఠంగుమని మోగింది. మిస్ కార్బెట్ పన్నెండుసార్లు ఉలిక్కిపడింది.

అది ఎండ దంచేసే రోజు. జడ్జి హాలోవెల్ బీరువా దగ్గరే ఉన్నాడు. ఒక గంట నిలబడ్డాడు. పత్రిక చేతులు మార్చాడు, కాళ్ళు మార్చాడు. మొహం పాలిపోయింది. చివరికి గోడ పట్టుకుని ఒజెల్లా దాకా వచ్చాడు. ఆమె పక్కనే ఇడెల్ తెచ్చిన రెండో డబ్బా ఖాళీగా ఉంది.

"ఒజెల్లా," అన్నాడు మెల్లగా, "ఆ డబ్బా ఎవరికోసమైనా ఉంచావా?"

ఒజెల్లా పేజీ తిప్పింది.

"నిన్నే, ఒజెల్లా."

ఆమె ఇంకో పేజీ తిప్పింది. సగం చదవకుండానే.

మిస్ కార్బెట్ బల్ల వెనకనుంచి మేజోళ్ళ కాళ్ళతో చప్పుడు కాకుండా వచ్చింది. "జడ్జిగారూ," అంది పుస్తకాల వైపు చూస్తూ, "మా కార్డులో ఆవిడ పేరు మిసెస్ పెటిఫర్డ్ అని ఉంది."

వరసలోని టోపీలన్నీ జడ్జి వైపు తిరిగాయి. అరవై దాటిన నల్లావిడను ఆ ఊళ్ళో తెల్ల జడ్జి ఎవడూ మిసెస్ అని పిలిచి ఉండడు. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆయన మొహంలో ఒకదాని వెంట ఒకటి చాలా ఆలోచనలు పోవడం ఒజెల్లా ఓరగా చూసింది. ఆఖరికి మోకాళ్ళే గెలిచాయి.

"మిసెస్ పెటిఫర్డ్," అన్నాడు. "నేను ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చోండి జడ్జిగారూ. మోకాళ్ళా?"

"కుడిది."

"నాకు రెండూ."

ఆయన మెల్లగా కూలబడ్డాడు. డబ్బా ఠంగుమంది. అంత హాయిగా ఊపిరి వదిలిన మనిషిని ఒజెల్లా ఈ మధ్య చూడలేదు.

"నన్ను గుర్తుపట్టారా?" అంది. "ముప్ఫై ఎనిమిదిలో, పొగాకు కార్ఖానా. కూచున్నానని పది రోజులు వేశారు."

జడ్జి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. "చాలామందికి వేశాను," అన్నాడు. గర్వంగా అనలేదు.

"అవును. మీరు కూచుని వేశారు. నేను నిలబడి విన్నాను."

ఆయన పత్రిక మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు. క్షమించమనలేదు. ఒజెల్లా కూడా అది వినడానికి ఎదురు చూడలేదు. కొంతసేపయ్యాక ఆయన చూపు ఆమె పుస్తకం మీద పడింది.

"ఓ, ఇదా! నేను చదివాను. ఆ వంటవాడే..."

"చెప్పారంటే డబ్బా లాగేస్తా!"

ఆ క్షణంలోనే మేయరు, ప్రూయిట్, వకీలు వరసగా లోపలికొచ్చారు. డబ్బాలు ఫర్నిచరేనని వకీలు రాసిన కాగితం మేయరు చేతిలో ఉంది. ముగ్గురూ గుమ్మంలోనే నిలబడిపోయారు. ఏ దృశ్యం కంటపడకూడదని వేసవంతా చెమటోడ్చారో అది ఎదురుగా ఉంది. పైగా అనుకున్నదానికంటే ఘోరంగా, ఒకే కిటికీ కింద, మోచేతులు తగిలేంత దగ్గరగా.

"జడ్జిగారూ! మీరేంటి అక్కడ?" అన్నాడు మేయరు.

"కూర్చున్నాను."

"వాళ్ళ మధ్యనా?"

"కుర్చీలున్నప్పుడు నాదొక మూల, ఎవరి మూల వారిది. మీరు కుర్చీలు తీసేసి నన్ను ఈ డబ్బా మీదికి తెచ్చారు. ఇంక ఇక్కడనుంచి లేపాలంటే నలుగురు మనుషులు కావాలి. సార్జెంట్, అరెస్టు చేస్తావా? చెయ్యి. కానీ మోసుకెళ్ళాలి."

ప్రూయిట్ ఆయన బరువు అంచనా వేసి మేయరు వైపు చూశాడు. మేయరు వకీలు వైపు చూశాడు. వకీలు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిస్ కార్బెట్, ఇదంతా ఎలా జరగనిచ్చావు?" అన్నాడు మేయరు.

మిస్ కార్బెట్ నోరు తెరిచింది. ముప్ఫయ్యేళ్ళుగా ఎవరిమీదా ఎత్తని గొంతు అది. "నాకు నా స్టూలు కావాలి!" అంది. పైకప్పు మీది పావురాలు ఎగిరిపోయాయి.

*

ఆ తర్వాత మూడు వారాలకు కుర్చీలూ బల్లలూ తిరిగొచ్చాయి. కౌన్సిల్ అది తాము భయపడి చేసింది కాదని, నేల కడగడం కోసమే కుర్చీలు తీసేశామని పత్రికలో వేయించుకుంది. వచ్చినవి సగమే. తోలు కుర్చీ కనిపించలేదు. మేయరు కచేరీలో ఉందని కొందరంటారు. మిసెస్ ఆల్‌డ్రిడ్జ్ పదో రోజునే ఒజెల్లాకు కబురు పెట్టింది. అప్పటికే ఒజెల్లా బాయ్‌కిన్ దగ్గర దినాల భోజనాల వంటకు కుదిరిపోయింది. అక్కడ వచ్చేవాళ్ళకి ఆకలెక్కువ, వంకలు పెట్టే ఓపిక తక్కువ. అందుకే ఆ పని బాగుందని ఆమె ఇడెల్‌తో అంది.

కుర్చీలు వచ్చిన మొదటి రోజు తెల్లవాళ్ళు ఒక వైపు, నల్లవాళ్ళు ఒక వైపు కూర్చున్నారు. మధ్యలో ఒక బల్ల మొత్తం ఖాళీ. ఎవరూ చెప్పకుండానే అలా జరిగింది. ఒజెల్లా గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, సరాసరి వెళ్ళి ఆ ఖాళీ బల్ల దగ్గర, నడిమధ్య కుర్చీలో కూర్చుంది. గంటకు ఇడెల్ వచ్చి చేరింది. సాయంత్రానికి తెల్లవాళ్ళ కాలేజీ అమ్మాయి ఒకతె, వేరే చోటు లేక, చివరి కుర్చీ అంచున కూర్చుని, గంట తర్వాత అంచునుంచి లోపలికి జరిగింది.

జడ్జి ఆ రోజు రాలేదు. జబ్బు చేసిందన్నారు.

మూసేవేళ మిస్ కార్బెట్ దీపాలు ఆర్పుతూ వచ్చింది. ఒజెల్లా ముందు పుస్తకం తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంది.

"ఒక్క పేజీ తిప్పలేదు మీరు," అంది మిస్ కార్బెట్.

"ఇవాళ చదవడానికి రాలేదమ్మా."

ఇద్దరూ నవ్వలేదు. మిస్ కార్బెట్ వెళ్ళి తన స్టూలు మీద కూర్చుని, చివరి దీపం ఆర్పకుండా, తాళాలు చేతిలో పెట్టుకుని కాసేపు ఆగింది. ఒజెల్లా బల్ల కింద బూట్లు వదులు చేసుకుని, కాళ్ళు బారజాపి, కిటికీలోంచి వీధిని చూస్తూ చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. ఇంటికి వెళ్ళాక వేడినీళ్ళలో ఉప్పు కలిపి కాళ్ళు పెట్టుకుని, రేపు ఏ వేళకు వెళ్తే మంచి చోటు దొరుకుతుందా అని ఇడెల్‌తో గోడ మీదుగా వాదించింది.